అరువు ఆయాసం

తల్లి పరుగెత్తితే కూతురి గుండెకు బలం వస్తుందని డాక్టర్ నస్రీన్ చెప్పినప్పుడు, ఆ గదిలో ఉన్న నలుగురిలో వెంటనే నమ్మింది సరోజన ఒక్కతే. అర్థమయ్యేలా చెప్పాలని నస్రీన్ బొమ్మలు కూడా గీసుకొచ్చింది. కష్టపడిన కండరం రక్తంలోకి కొన్ని కబుర్లు పంపుతుందనీ, వాటిని అందుకున్న గుండె గట్టిపడుతుందనీ, ఆ కబుర్లను ఒకరి రక్తంలోంచి వడగట్టి ఇంకొకరికి ఎక్కించే యంత్రాన్ని తాము తయారుచేశామనీ వరసగా చెప్పాలనుకుంది. రెండో బొమ్మ తీసేలోపే సరోజన అడ్డం పడింది.

"అంటే నేను ఉరికితే దానికి మంచిగైతది. గంతే గద మేడం? మొక్కు లెక్కనే అన్నట్టు."

నస్రీన్ మిగతా బొమ్మలు మడిచి పక్కన పెట్టేసింది. సరోజనకు ఇందులో కొత్తేముంది? పిల్లకు జ్వరమొస్తే తల్లి ఉపవాసముంటుంది. మనవడు పరీక్ష రాస్తే నాయనమ్మ పొర్లుదండాలు పెడుతుంది. ఒకరి ఒళ్ళు హూనమైతే ఇంకొకరికి మేలు జరగడం మన ఇళ్ళలో ఏనాటి నుంచో ఉన్న వైద్యమే. నస్రీన్ కనిపెట్టింది గొట్టాలు మాత్రమే.

సరోజన కూతురు నవత మాత్రం పెదవి విరిచింది. ఆమెకు ఆశపడటమంటే భయం పట్టుకుని మూడేళ్ళయింది.

ఇరవయ్యో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది నవతకు. అప్పటికి హనుమకొండలో డిగ్రీ చదువుతోంది, కాలేజీ ఖోఖో జట్టులో ఆమెను ముట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఎర్రగా ఉండే ఒక మందు ఎక్కించారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. తల్లి ఎముకల్లోని మూలుగ తీసి ఎక్కించాక ఇక పూర్తిగా పోయిందన్నారు. చుట్టాలంతా స్వీట్లు పంచుకున్నారు. పోయింది పోయింది అన్నవాళ్ళే గానీ, పోతూ పోతూ అది ఏమేం పట్టుకుపోయిందో ఒక్కరూ అడగలేదు. ప్రాణం కాపాడిన ఆ ఎర్ర మందే గుండె కండరాన్ని తినేసింది. ఇరవై మూడేళ్ళ పిల్ల ఒక అంతస్తు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడేది. పై వాటాలో ఉండే ముసలమ్మ కూరగాయల సంచీతో ఆమెను దాటుకుని వెళ్ళి, పైనుంచి "మెల్లగ రా బిడ్డా" అనేది. ఆ జాలి మాట వింటే నవతకు ఒళ్ళు మండిపోయేది.

వ్యాయామం చేస్తే గానీ గుండె బలపడదు. గుండె బలపడితే గానీ వ్యాయామం చేయకూడదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్న సామెత నవత కోసమే పుట్టినట్టుంది.

ఇంత అవస్థలోనూ ఆ పిల్ల ఒక పట్టు పట్టింది. ఆసుపత్రిలో నెలల తరబడి మంచం మీద పడుకుని పైన తిరిగే ఫ్యానును చూసీ చూసీ, తల ఎత్తితే ఫ్యాను కనబడని ఉద్యోగమే చేస్తానని ఒట్టు పెట్టుకుంది. అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష రాసి నెగ్గింది. ఇక మిగిలింది నడక. నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడిచి చూపించాలి. వీధి చివర పాలబూతు దాకా వెళ్ళి రావడానికే మధ్యలో అరుగు చూసుకుని కూర్చునే మనిషికి పదహారు కిలోమీటర్లంటే కాశీయాత్రే.

అందుకే పెదవి విరిచినా, సంతకం పెట్టింది.

*

సరోజనకు కొత్తవాడలో కర్రీ పాయింటు ఉంది. పొద్దున్నే ఆరు రకాల కూరలు వండి, భర్త ఓదెలును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, ప్లాస్టిక్ కవర్లలో పప్పూ పులుసూ ముడులు వేసి అమ్మడం ఆమె పని. జీవితంలో ఎన్నడూ పరుగెత్తిన మనిషి కాదు. బస్సు కదిలిపోతున్నా "ఇంకోటొస్తది తియ్" అనే రకం. అలాంటి మనిషి మొదటిరోజు ట్రెడ్‌మిల్లు ఎక్కి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, కాళ్ళ కింద పట్టీ కదలగానే "అమ్మో, భూమి పోతాంది!" అని నస్రీన్ మెడ పట్టుకుంది.

వారం తిరిగేసరికి కూతురి పాత ట్రాక్ ప్యాంటూ, పైన లాల్చీ, కాళ్ళకు బూట్లూ వచ్చాయి. యంత్రంతో మాట్లాడుతూ పరుగెత్తేది. "ఉర్కుతున్న గదనే, ఇంకెంత ఉర్కమంటవ్?" ఆమె చేతిలోంచి సన్నటి గొట్టం పక్కనున్న పెట్టెలోకి వెళ్ళేది. రక్తం అందులో తిరిగి, వడపోతకు గురై, మళ్ళీ ఆమె ఒంట్లోకే వచ్చేది. పెట్టె అడుగున చిన్న గాజు సీసాలో గంజితేటలాంటిది చుక్క చుక్కగా దిగేది. పొద్దున తీసిన ఆ తేటను మధ్యాహ్నం నవతకు ఎక్కించేవారు. ఇద్దరి మధ్యే ఎందుకు కుదిరిందంటే, నవత ఒంట్లో ఇప్పుడు తయారయ్యే రక్తమంతా తల్లి మూలుగ నుంచి వస్తున్నదే. ఆ కబుర్లను పరాయివాళ్ళవి అనుకుని ఒళ్ళు తిప్పికొట్టదు.

ఒక చిక్కుంది. దాన్ని నస్రీన్ దాచలేదు. "సరోజనమ్మా, మీరు ఉర్కినందుకు మీకు రావాల్సిన బలం ఈ సీసాల పోతది. కష్టం మీకు, ఫలితం ఆమెకు. మీ కండ కరగకుండ ఉండాలంటే మంచిగ తినాలె. గుడ్లు, మాంసం, పాలు. రోజూ అడుగుత."

"తింట మేడం."

రోజూ అడిగింది కూడా. ట్రెడ్‌మిల్లు ఎక్కేముందు "తిన్నరా?" అనేది నస్రీన్. "తిన్న" అనేది సరోజన. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పరుగు మొదలయ్యేది.

*

నెలన్నర తిరగకముందే నవత ఆ పై వాటా ముసలమ్మను మెట్ల మీద దాటేసి, పైనుంచి "మెల్లగ రా అవ్వా" అన్నది. ఆ రోజు ఆమె పొందిన సంతోషం చెప్పనలవి కాదు. గది తలుపేసుకుని ఏడ్చింది. ఆయాసం లేదు. గుండె చప్పుడు చెవుల్లో వినబడటం లేదు. ఆమె గుండె ఫోటోలు తీసిన నస్రీన్ వాటిని పదిసార్లు తిప్పి తిప్పి చూసుకుంది. ఇలా బాగుపడిన గుండెను ఆమె ఇంతవరకు ఎలుకల్లోనే చూసింది.

బలంతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. కాలు నిలవడం మానేసింది.

మొదట్లో ఇది మంచి లక్షణమే అనుకున్నారు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా నడిచి వెళ్ళేది, వెళ్ళాక అక్కడెందుకు ఉన్నానో తెలియక మళ్ళీ నడిచి వచ్చేది. పుస్తకం తెరిస్తే రెండో పేజీకి మనసు వీధిలో ఉండేది. స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళి తలంబ్రాల దాకా కూడా కూర్చోలేకపోయింది, ఫంక్షన్ హాలు చుట్టూ తిరిగి వచ్చింది. "కాలుగాలిన పిల్లి లెక్క గీ తిరుగుడేందే?" అని ఓదెలు విసుక్కునేవాడు.

దానికి తోడు ఆకలి. మామూలు ఆకలి కాదది. కడుపు నిండా తిని, చేయి కడుక్కుని, ఆ తడి చేయి ఆరకముందే మళ్ళీ కడుపులో ఎవరో గోకినట్టు ఉండేది. దుకాణంలో వెనక్కి వెళ్ళి గిన్నెల మూతలు తీసేది. బెండకాయ పులుసు తాగేది, వంకాయ ముక్కలు చేత్తోనే తీసి తినేది. "అమ్మేదానికన్నా నువ్వు తినేదే ఎక్కువైతాంది" అని ఓదెలు పైకి కసురుకున్నా, లోపల మురిసిపోయాడు. మూడేళ్ళు గంజి కూడా ఇమడని పిల్ల తింటుంటే ఏ తండ్రికి చేదు?

కానీ నవత మురవలేదు. ఒకసారి క్యాన్సర్ వచ్చిన ఒంటికి జలుబు చేసినా జలుబులా ఉండదు. కాలు నిలవకపోవడం, తిన్నది ఒంటబట్టకపోవడం, గుండెలో అస్తమానం ఏదో తప్పిపోయినట్టు ఉండటం, ఇదంతా అది మళ్ళీ వస్తోందనడానికి గుర్తేమోనని లోలోపల వణికిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నడక పరీక్షకు వెళ్ళనివ్వరు. ఒకరోజు మొహానికి చున్నీ కట్టుకుని, ఎవరూ ఎరగని వీధిలో రక్త పరీక్ష చేయించుకుంది. రిపోర్టు శుభ్రంగా ఉంది. హాయిగా ఉండాల్సింది, ఇంకా భయం వేసింది. జబ్బు కాకపోతే మరి ఇదేమిటి?

ఆ ఆకలిలో తినాలన్న కోరిక ఒక్కటే ఉంటే సరిపోయేది. దానితో పాటు తినకూడదన్న మొండితనం కూడా ఉండేది. ముద్ద నోటి దాకా వచ్చాక ఎవరో మణికట్టు పట్టుకుని ఆపినట్టు అనిపించేది. ఇది తన ఆకలి కాదేమోనని ఒకటి రెండుసార్లు అనిపించి, పిచ్చి ఆలోచనలే అని తోసేసింది.

నడక పరీక్ష తేదీ వచ్చింది. ఇక మూడు వారాలే.

*

ఆ మధ్యాహ్నం సూది వేయించుకుని నేరుగా దుకాణానికి వచ్చింది నవత. సరోజన లోపల ఉల్లిగడ్డలు కోస్తోంది. నవత రెండు పళ్ళేల అన్నం తిన్నది. మూడో పళ్ళెంలో చేయి పెట్టగానే కళ్ళు బైర్లు కమ్మాయి. చెమట పట్టింది. కడుపు నిండుగా ఉంది, ఒళ్ళేమో మూడు రోజుల పస్తు ఉన్నట్టు వణుకుతోంది. గల్లాపెట్టె దగ్గరి ఓదెలు లేచి వచ్చి ఆమెను పట్టుకున్నాడు.

"ఏమైందే? మీ అమ్మ లెక్కనే చేత్తున్నవ్."

"అమ్మకేమైంది?"

"ఉరికొచ్చినంక రోజు గిదే కథనాయె. కండ్లు తిరుగుతయని గోడ పట్టుకుంటది. ఒక్కపొద్దుండి ఉర్కితే తిరగయా మరి?"

నవత చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది. "ఒక్కపొద్దా? ఎప్పటిసంది?"

"నీకు సూదులు మొదలైనకాన్నుంచి. పొద్దుగూకినంక ఒక్కపూట తింటది, అదీ పిడికెడు. నీసు ముట్టది. వండేటప్పుడు ఉప్పు సూత్తలేదు, నాతోనే సూపిత్తాంది." అప్పటికి గానీ కూతురి మొహం చూడలేదు ఓదెలు. "ఏందే, నీకు తెల్వదా? నీకు చెప్పద్దన్నది. ఎవల కోసం మొక్కినమో వాళ్ళకు చెప్తే ఫలం పోతదట."

"డాక్టరమ్మకు చెప్పిన్రా?"

ఓదెలు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మొక్కు సంగతి డాక్టర్లకెందుకు?"

నవత లోపలికి వెళ్ళింది. సరోజన ముక్కాలిపీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. రోజూ చూసే తల్లే. రోజూ చూసే మనిషిని మనం చూడం గదా. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. మెడ దగ్గర ఎముకలు లేచాయి. గాజులు మోచేతి దాకా పోకుండా దారం చుట్టుకుంది.

"అమ్మా, పొద్దుగాల ఏం తిన్నవే?"

"ఇడ్లీ తిన్న" అన్నది సరోజన తల ఎత్తకుండా.

ఆ అబద్ధం విని నవతకు కోపం రాలేదు. ఆ ఇడ్లీ లేకపోవడం తన కడుపులో స్పష్టంగా తెలుస్తోంది.

*

"ఆకలైన జంతువు ఒక తాన కూసోదు" అన్నది నస్రీన్ నెమ్మదిగా. పరీక్షలన్నీ చేసి, సరోజన గుండె బొమ్మ తెర మీద పెట్టి, దాని వంక కాకుండా నేల వంక చూస్తోంది. "తిండి దొరికేదాంక తిరుగుతది. ఎలుకలైనా గంతే. నీ కాళ్ళు నిలవకపోవుడు బలం కాదు నవతా, మీ అమ్మ ఆకలి. కండరం పంపిన కబురుతో పాటు కడుపు పంపిన కబురు కూడ ఆ సీసలకే దిగింది. మేం దాన్ని చూసి సంబరపడ్డం."

"ఇప్పుడు అమ్మకెట్లున్నది?"

"సూదులు మొదలైనప్పుడు నువ్వెట్లుంటివో గట్ల." నస్రీన్ రిపోర్టులు బల్ల మీద పడేసింది. "పిల్లల తల్లిని 'తిన్నవా' అని అడిగి, 'తిన్న' అంటే నమ్మిన. నాకు పట్టా ఇచ్చినోళ్ళననాలె."

సరోజన ఇద్దరినీ చూసి చిన్నగా నవ్వింది. తప్పు చేసిన పిల్ల నవ్వులా ఉంది. "గిప్పుడేమైంది మేడం? బిడ్డకు మంచిగైంది గద."

"సరోజనమ్మా, నేనూ రోజా ఉంట. నెల రోజులుంట. గాని ఉర్కుకుంట ఉపాసముండుమని ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఉత్తగ ఉర్కితే ఏమొస్తది?" అన్నది సరోజన, ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తెలియనందుకు జాలిపడుతూ. "తిని ఉర్కితే కసరతయితది. తినకుండ ఉర్కితెనే మొక్కయితది."

నస్రీన్ తెర ఆర్పేసింది. ఆపేద్దామన్నది. సూదులు ఆగితే నవతకు వచ్చిన బలం వెంటనే ఏమీ పోదు, నెల రెండు నెలల్లో మెల్లగా తగ్గుతుంది. పరీక్ష దాకా నిలుస్తుంది. నవత నడిచి రావచ్చు.

"మరి అమ్మ?"

"తింటె కొంచెం కోలుకుంటరు. పోయిన కండ అంత రాదు. ఆమె వయసుకు..." నస్రీన్ మధ్యలో ఆగింది.

"మిగతది చెప్పున్రి మేడం."

"మెట్లెక్కుడు కష్టమైతది. దుకాణం నడుపుడు కూడ."

సరోజన లేచి కొంగు దులుపుకుంది. "మా ఆయనున్నడు గద, నడుపుతడు. నా బిడ్డ అడివికి పోయి నౌకరి చేసుకుంటది. పాండ్రి, పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన."

*

ఆ తర్వాత రెండు రోజులు నవత నడుస్తూనే ఉంది. ఇంట్లో గోడ నుంచి గోడకు నడిచింది. ఈసారి ఆ తిరుగుడు అరువుది కాదు. పరీక్ష దాకా ఆగి, నడిచి, ఉద్యోగం తెచ్చుకుని, అప్పుడు అమ్మను చూసుకుంటే? ఆ మాట మనసులోకి వచ్చిన ప్రతిసారీ ఎంతో న్యాయంగా కనిపించేది. అమ్మ కూడా అదే అంటోంది. ఆ ఉద్యోగం కోసం నవత ఎంతగా కొట్టుకుపోతోందంటే, ఆ రెండు రోజులూ తల్లి మొహం చూడకుండా తప్పించుకు తిరిగింది. సిగ్గేసింది. అయినా ఆ కోరిక చావలేదు.

మూడో రోజు నస్రీన్ ముందు కూర్చుని అడిగింది. "నా ఒంట్ల తిరిగేది అమ్మ నెత్తురే గద. నేను నడిచి అమ్మకు ఎక్కిస్తే?"

నస్రీన్ తల అడ్డంగా ఊపబోయి ఆగింది. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. "కుదురుతదనే అనుకుంటున్న. గాని ఎవరూ చేయలే. నీ గుండె మీద నాకు పూర్తి నమ్మకం లేదు, మెల్లగ నడవాలె, ఉర్కద్దు. చేసేది ఉంటే ఇప్పుడే, ఆలస్యమైతే పోయిన కండ మాట వినదు. ఇంకోటి. ఇచ్చింది నీకుండదు నవతా. ఆ నడకల ఫలం మొత్తం పోతది, నీది కూడ కొంచెం పట్టుకపోతది. పరీక్ష..."

"తెలుసు."

"మళ్ళ ఎప్పుడు పడుతదో ఆ నోటిఫికేషన్."

"తెలుసు మేడం" అన్నది నవత. అని, ఆ కుర్చీలోనే ముడుచుకుపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. నస్రీన్ ఊరుకోమని చెప్పలేదు. ఊరుకోమనడానికి ఏముంది గనక.

సరోజన ఒప్పుకోవడం ఇంకో యుద్ధం. "బిడ్డ కష్టం నేను తింటనా? నోరు మూస్కో" అన్నది. గిన్నెలు ఎత్తేసింది. ఓదెలు మీద అరిచింది. నవత చాలాసేపు ఓపికగా విన్నది, చివరికి తల్లి ఆయుధమే తల్లి మీద తీసింది.

"మొక్కుకున్ననే. మధ్యల ఆపద్దంటవు గద?"

సరోజన చేతిలోని గరిటె ఆగింది. "ఏం మొక్కినవే? ఎవలికి?"

"నీకు చెప్పద్దట గద. ఫలం పోతదట."

ఓదెలు కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ తల అటు తిప్పుకున్నాడు. సరోజన గరిటె గిన్నెలో పెట్టేసింది. మొక్కుకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు లేదు.

*

రెండు వారాలు గడిచాయి. నవత రోజూ ట్రెడ్‌మిల్లు మీద నడిచింది, సీసాలు దిగాయి, సరోజనకు ఎక్కాయి. సరోజన ఒంట్లో పెద్ద మార్పేమీ కనిపించలేదు. పైగా నవతకు మెట్ల మీద మళ్ళీ కొంచెం ఆయాసం మొదలైంది. ఇంతా చేసి రెండిటికీ చెడతామేమోనని నస్రీన్ గోళ్ళు కొరుక్కుంటోంది. ఎలుకల్లో ఇలా జరగలేదని ఒకటికి రెండుసార్లు అన్నది.

అనుమానం నవతకే వచ్చింది. పొద్దున్నే దుకాణం పనికి పరుగెత్తే హడావిడిలో తాను టీ నీళ్ళు తాగే యంత్రం ఎక్కుతోంది. తల్లి మీద అంత కోపం చేసుకున్న పిల్ల, తన సంగతి వచ్చేసరికి సరిగ్గా అదే చేస్తోంది. ఏ తల్లి కూతురు మరి!

మరునాడే నడక పరీక్ష. ఆ పొద్దున మిగతా పిల్లలంతా ఛాతీకి నంబర్లు కట్టుకుని ఊరి బయట రోడ్డు మీద బారులు తీరి ఉంటారు. తనతో పాటు రాత పరీక్ష నెగ్గిన స్నేహితురాలు ఫోను చేసింది, నవత ఎత్తలేదు. దుకాణంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. వేడి అన్నం పెట్టుకుంది. చింతచిగురు పప్పు, కోడిగుడ్డు పులుసు, నిన్నటి కోడికూర. ఏడుపు వస్తున్నా తిన్నది. తిని, మజ్జిగ తాగి, చేయి కడుక్కుని, అప్పుడు వెళ్ళి యంత్రం ఎక్కింది. నాలుగు గంటలు నడిచింది, మధ్యలో నస్రీన్ రెండుసార్లు బలవంతంగా కూర్చోబెట్టింది. దిగేసరికి పిక్కలు రాళ్ళలా ఉన్నాయి. పదహారు కిలోమీటర్లు కాలేదు, దరిదాపుల్లో కూడా లేదు. ఎవరూ లెక్కపెట్టలేదు కూడా.

మధ్యాహ్నం సరోజన మంచం మీద పడుకుంది. సూది ఎక్కుతోంది. ఎప్పటిలాగే అసహనంగా ఉంది. పొయ్యి ఆర్పానో లేదో అంటుంది, పెరుగు తోడు పెట్టలేదంటుంది, కాళ్ళు దుప్పట్లో కదుపుతూనే ఉంటుంది. నవత పక్కన కుర్చీలో వాలిపోయి, ఆయాసపడుతూ, నోరు మూసుకుని పడుకోమని కసురుతోంది.

సీసా సగం ఖాళీ అయ్యేసరికి సరోజన మాట్లాడటం ఆపేసింది. కాళ్ళు కదలడం ఆగింది. చేయి మెల్లగా తెచ్చి పొట్ట మీద పెట్టుకుంది. ఆమె కళ్ళలో భయంలాంటిది కనబడి నవత కుర్చీలోంచి లేచింది.

"ఏమైందమ్మా?"

"ఏమో నవతా... నేనియ్యాల ఏం తినలే. కడుపు నిండినట్టున్నది."

తినలేదన్న సంగతి బయటపెట్టేశానని కూడా గమనించలేదు సరోజన. నస్రీన్ గుమ్మంలో నిలబడిపోయింది. నవత తిట్టబోయి, కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకుంది.

సరోజన పొట్ట మీది చేయి తీయలేదు. ఇన్నేళ్ళూ ఊరందరికీ వండిపెట్టిన మనిషి, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిన్న మనిషి, ఎవరో తన ఒంట్లోకి వచ్చి కూర్చున్నట్టు వింతగా చూస్తోంది.

"ఏం తిని ఎక్కినవే ఆ మిషను?" అన్నది.

"నువ్వు వండిందే."

సరోజన కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు. కాసేపటికి అటు ఒత్తిగిలి పడుకుంది, ఇంకాసేపటికి గురక మొదలైంది. పట్టపగలు తల్లి నిద్రపోవడం నవత పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఓదెలు ఫోను చేసి సాయంత్రం దుకాణం సంగతేమిటని అడిగాడు.

"ఇయ్యాల బందు బాపు. అమ్మ పండుకున్నది" అన్నది నవత.